మెల్లగా తినేవాడి పరీక్ష

నేను రాసినదాన్ని చెడగొట్టడమే బాలమణి అక్క ఉద్యోగం. అందుకు కంపెనీ ఆమెకు జీతం ఇస్తుంది. నాకు ముక్కు మీద కోపం, ఆమెకు అసలు కోపమే రాదు. నా పనిలో తప్పు దొరికితే "తమ్మీ, జర ఇటొచ్చి సూస్తవా" అని పెళ్ళికి పిలిచినంత మెత్తగా పిలుస్తుంది. ఆ మెత్తదనం వింటేనే నాకు బీపీ లేస్తుంది.

మాది మేడ్చల్ పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు. మేం నెట్‌వర్క్ స్విచ్‌లు తయారు చేస్తాం. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి చేరే పెట్టె అది. ఒక తీగలో వచ్చిన సమాచారాన్ని అందుకుని, ఎవరికి చేరాలో వాళ్ళ తీగలోకి పంపుతుంది. సూరారంలో మా అమ్మకు ఈ సంగతి చెప్పీ చెప్పీ అలిసిపోయాను. మా శివ కరెంటు పని చేస్తాడనే ఆమె ఇప్పటికీ వాడకట్టంతా చెబుతుంది. ఆ పెట్టెలో ఉన్న చిప్పు చేత పని చేయించే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. దాన్ని రాసేది నేను, పరీక్షించేది బాలమణి అక్క.

ఆమె ఇల్లు అల్వాల్‌లో. అక్కడినుంచి మేడ్చల్‌కు లోకల్ రైలుంది, బొల్లారం మీదుగా తిన్నని రోడ్డూ ఉంది. ఈమె మాత్రం స్కూటీ వేసుకుని శామీర్‌పేట దాకా పోయి, అక్కడినుంచి మేడ్చల్‌కు తిరిగి వస్తుంది. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు ఈ దారేమిటని కొత్తలో నేను ఎగతాళి చేసేవాణ్ణి. "అటు గాలి మంచిగుంటది తమ్మీ" అనేది. శామీర్‌పేట చెరువు గాలి కోసమేమో అనుకుని నమ్మేశాను. తర్వాత తెలిసింది, శామీర్‌పేట పక్క ఊళ్ళో ఆమె పుట్టిల్లు ఉందని, రోజూ పొద్దున అక్కడ ఆగి వాళ్ళ బాపు అన్నం తింటుంటే పక్కన కూర్చుని వస్తుందని.

బాపు అంటే ఆమె నాన్న, పేరు సోమయ్య. ఒకప్పుడు ఆ ఊళ్ళో ఎవరింట్లో దావత్ అయినా పందిరి దర్వాజా దగ్గర నిలబడేది ఆయనే. లోపల ఎన్ని విస్తళ్ళు వేశారో, బయట ఎంతమంది ఉన్నారో చూసి, ఈ బంతికి ఇంతమందే అని చెయ్యి అడ్డం పెట్టేవాడట. ఆయన చెయ్యి దాటి పోయే ధైర్యం సర్పంచికి కూడా ఉండేది కాదట. నేను కంపెనీలో చేరిన కొత్తలో అక్క నాకు పని నేర్పింది ఆ దర్వాజా పేరు చెప్పే.

సమాచారం పంపేవాడు వేగంగా పంపుతుంటాడు, అందుకునేవాడు మెల్లగా అందుకుంటుంటాడు. మధ్యలో మిగిలినదాన్ని నిలబెట్టడానికి స్విచ్‌లో కొంత జాగా ఉంటుంది. దాన్ని బఫర్ అంటాం. ఆ జాగా నిండిపోతే తర్వాత వచ్చింది వచ్చినట్టు పారబోయడమే. అట్లా కాకుండా నిండేలోపు పంపేవాడికి 'ఆగు' అని కబురు పెట్టాలి. ఎప్పుడు పెట్టాలన్నదే చిక్కు. నేను రాసిన మొదటి డ్రైవర్, జాగా పూర్తిగా నిండాక ఆగమనేది. అక్క నన్ను మెత్తగా పిలిచింది.

"తమ్మీ, నువ్వు ఆగుమన్నప్పుడు దర్వాజ అవుతలున్నోడు ఆగుతడు. అప్పటికే లోపట అడుగు వెట్టినోణ్ణి ఏం జేస్తవ్? మెడ వట్టి ఎల్లగొడ్తవా? తొవ్వల ఉన్నోళ్లకు జాగ ఉంచుకోని ఆగుమనాలె. మా బాపు గట్లనే జేస్తుండె."

"అక్కా, నేను ఇంజనీరింగ్ చదివిన. నాకు పందిరి కథలు చెప్పకు," అన్నాను.

"నేను గూడ సదివిన గదా తమ్మీ," అంది నవ్వుతూ. అది నిజమే, నాకంటే మంచి మార్కులతోనే చదివింది. నేను గొణుక్కుంటూ పోయి, తీగలో దారిలో ఉన్న సరుకుకు సరిపడా జాగా మిగిల్చి మళ్ళీ రాశాను. ఆ తర్వాత ఆమె ఎంత పొడవు తీగ తగిలించినా, ఎంత వేగంగా గుమ్మరించినా ఒక్క ముక్క కూడా కింద పడలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, నా డ్రైవర్ నాకు చందమామలా కనిపించింది. ఒక ఆసుపత్రి వాళ్ళు మా స్విచ్‌లు పెట్టించుకుంటామన్నారు. మా మేనేజర్ జానకీదేవి గారు ఇంకొక్క విడత పరీక్షలు చేసి పంపేద్దామన్నారు.

ఆ ఆదివారం బాలమణి అక్క చుట్టాలింట్లో ఒక దావత్ జరిగింది. సోమవారం పొద్దున ఆమె మొహం బాగాలేదు. టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. ఏమైందక్కా అని నేను కసురుకుంటే చెప్పింది. నాకు ప్రేమగా అడగడం చేతకాదు, ఆమెకు ఆ సంగతి తెలుసు.

బాపుకు కిందటేడు పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది. కుడి చెయ్యి మాత్రం సగమే వచ్చింది. ముద్ద కలపడానికి, ఎత్తడానికి, నోటిదాకా తేవడానికి చాలాసేపు పడుతుంది. ఎవరైనా తినిపిస్తామంటే ఒప్పుకోడు. వాళ్ళ ఊళ్ళో బంతి రివాజు ఒకటుంది. అందరూ కలిసి కూర్చోవాలి, కలిసి లేవాలి. పక్కవాడు తింటుండగా లేస్తే వాణ్ణి అవమానించినట్టే. ఆ రివాజును ఊళ్ళో గట్టిగా నడిపించిన మనిషి కూడా సోమయ్యే. ఆదివారం ఆయన కూర్చున్న బంతిలో అందరూ తినేసి, ఎండిపోతున్న చేతులతో ఆయనకోసం కూర్చున్నారు. బయట వాళ్ళు నిలబడ్డారు. లోపల వడ్డించేవాళ్ళు ఖాళీగా నిలబడ్డారు. అందరూ తననే చూస్తున్నారని బాపుకు అర్థమైంది. విస్తట్లో అన్నం ఉండగానే విస్తరి మడిచి లేచిపోయాడు.

"ఇంటికొచ్చినంక అన్నం వెడ్తే తినలె. ఆకలి లేదన్నడు," అంది అక్క. "ఉన్నది తమ్మీ. ఆకలి ఉన్నది. నాకు తెల్వదా?"

వచ్చే నెల ఆమె అన్న లక్ష్మణ్ కూతురు అశ్రిత పెళ్ళి ఉంది. బాపు మనుమరాలు. ఆ పెళ్ళిలోనైనా బాపు అందరితో పాటు కూర్చుని కడుపునిండా తినాలి. అక్కకు ఆ నెలంతా అదొక్కటే కోరిక.

డబ్బా కడుక్కుని వచ్చి ఆమె ఒక కొత్త పరీక్ష పెట్టింది. ఒక పాత కంప్యూటర్‌ను స్విచ్‌కు తగిలించి, అది ఎడతెగకుండా 'ఆగు, ఆగు' అనేలా చేసింది. నా డ్రైవర్ మర్యాద తెలిసినది కదా, ఆగింది. దానికి చేరాల్సిన సరుకునంతా బఫర్‌లో నిలబెట్టింది. బఫర్ నిండగానే మిగతా తీగలన్నిటికీ ఆగమని కబురు పెట్టింది. బల్ల మీద స్విచ్ దీపాలు అప్పటిదాకా మినుకుమినుకుమంటున్నవి ఒక్కసారిగా నిలిచిపోయాయి.

"తమ్మీ, జర ఇటొచ్చి సూస్తవా."

నేను ఒంటికాలి మీద లేచాను. "ఎవడుంటడక్కా అట్ల? ఆగు ఆగు అనుకుంటనే కూసునేటోడు ఎవడుంటడు? కావాల్నని చెడగొడ్తున్నవ్. ఒక్కటన్న కింద పడ్డదా చెప్పు."

"పడలె. కదులుడు గూడ లేదు గదా?"

నిజానికి అట్లాంటివి ఉంటాయి. కంప్యూటర్ పాడైపోయి, దాని తీగ మాత్రం ప్రాణంతో ఉండి ఆగమంటూనే ఉండటం మా లోకంలో జరిగే ముచ్చటే. ఆసుపత్రిలో ఒక మూల ఒక యంత్రం అట్లా చెడితే ఆసుపత్రి మొత్తం నిలిచిపోతుంది. అది నాకు తెలుసు కాబట్టే ఇంకా కోపం వచ్చింది. చచ్చినదాన్ని పక్కన పెట్టమని అక్క చెబితే, ఆ వారమంతా పళ్ళు కొరుక్కుంటూ కూర్చుని దానికి మందు రాశాను. ఏ తీగైనా హద్దు దాటి ఆగమంటూ ఉంటే ఇక దాని మాట వినొద్దు. దాని సరుకు పారబోసి, దాన్ని పక్కన పెట్టి, మిగతావాళ్ళను నడిపించాలి. అక్క ఆ పాత కంప్యూటర్‌తోనే పరీక్షించింది. దీపాలు కాసేపు నిలిచి, మళ్ళీ చకచకా వెలిగాయి. జానకీదేవి గారు నా భుజం తట్టారు. నేను ఆ రోజు బేకరీ నుంచి అందరికీ పఫ్‌లు తెప్పించాను.

అక్క తన పఫ్ తినలేదు. కాగితంలో చుట్టి బ్యాగులో పెట్టుకుంటూ, "ఒక్క పరీక్ష మిగిలింది తమ్మీ. జానకమ్మ గారిని అడిగి పెడ్త," అంది.

మా షెడ్డు గేటు దగ్గర వేలిముద్ర వేసే యంత్రం ఒకటుంది. అందరి హాజరూ అందులోనే. అది మా కంపెనీకంటే ముసలిది. వేలు పెడితే ఆలోచించుకుని, నిట్టూర్చి, అప్పుడు సరేనంటుంది. అక్క జానకీదేవి గారి అనుమతి తీసుకుని దాని తీగను మా కొత్త స్విచ్‌కు కలిపింది. ఆఫీసులోంచి దానికి కొత్త పేర్లన్నీ పంపించింది. ఆ ముసలి యంత్రం ఒక ముక్క తీసుకోవడం, ఆగమనడం, ఇంకో ముక్క తీసుకోవడం, మళ్ళీ ఆగమనడం. నా డ్రైవర్ కాసేపు చూసి, చచ్చిందని తీర్మానించి, దాన్ని పక్కన పెట్టేసింది.

మరునాడు పొద్దున గేటు దగ్గర షిఫ్టు మొత్తం బారులు తీరి నిలబడింది. పేర్లు సగమే అందిన యంత్రం మీద ఎవరి వేలూ పడటం లేదు. జానకీదేవి గారి వేలు కూడా పడలేదు. లోపలికి వచ్చాక అందరూ నా వైపే చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. కోపమంతా మూటగట్టుకుని అక్క బల్ల దగ్గరికి పోయాను.

"నువ్వే గద అక్కా చెప్పింది! ఆగు ఆగు అనేటోణ్ణి పక్కకు వెట్టుమన్నవ్, వెట్టిన. ఇప్పుడు నేనే తప్పా?"

"సచ్చినోణ్ణి పక్కకు వెట్టుమన్న తమ్మీ. మెల్లగ తినేటోణ్ణి లేపుమన్ననా?"

ఆమె గొంతు పెరిగింది. నేను ఆ కంపెనీలో చేరినప్పటినుంచి ఆమె గొంతు పెరగడం చూడలేదు. ల్యాబులో ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పారు. అక్క లేచి బయటికి పోయి మెట్ల మీద కూర్చుంది. కాసేపటికి నేనూ పోయి కింది మెట్టు మీద కూర్చున్నాను. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. నాకు చాలా బాధ కలిగింది. అయినా "ఏమైంది మల్ల?" అని గద్దించినట్టే అడిగాను.

"అన్న చెప్పిండు పొద్దుగాల. పెండ్లినాడు బాపుకు పక్క రూంల వెడ్తడట అన్నం. బంతిల వద్దంట. లీడర్లు వస్తరు, అందర్ని ఎంతసేపు కూసోవెడ్తం అన్నడు."

"మరి నువ్వేమన్నవ్?"

"సరే అన్న."

"సరే అన్నవా?" అని నేను అరిచాను. "నా మీద ఎగిరినట్టు ఆయన మీద ఎగరొచ్చు గదా!"

"అన్నకు ఎదురు మాట్లాడలె తమ్మీ ఎన్నడు."

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. బాలమణి అక్క దానికి సరిగ్గా తిరగేసిన మనిషి. ల్యాబులో మా అందరి పనినీ చీల్చి చెండాడే మనిషి, అన్న ముందు తల దించుకుని సరే అంటుంది. లక్ష్మణ్ చెడ్డవాడేమీ కాదని కూడా ఆమే చెప్పింది. భూముల వ్యాపారంలో ఉన్నాడు, కాస్త రాజకీయంలోనూ ఉన్నాడు, బాపుకు స్నానం చేయించేది ఇప్పటికీ ఆయనే. నాకు అదంతా ఎక్కలేదు. నేను ఆ మనిషిని చూడకుండానే ద్వేషించడం మొదలుపెట్టాను.

లోపలికి వచ్చి డ్రైవర్ తెరిచాను. యంత్రాన్ని మనిషితో పోల్చి తత్వాలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. కానీ ఆమె చెప్పింది తత్వం కాదు, నా పనిలో ఉన్న తప్పు. నేను ఎంతసేపు ఆగమన్నారో లెక్క చూశాను తప్ప, ఆ మధ్యలో ఏమైనా తీసుకున్నారా అని చూడలేదు. ఒక్క ముక్క తీసుకున్నా ప్రాణం ఉన్నట్టే. దాన్ని మార్చాను. కాసేపాగి రెండోసారి చూసేటప్పటికి కూడా ఏమీ తీసుకోని తీగనే పక్కన పెట్టాలి. తీసుకుంటున్నదాన్ని ఉండనివ్వాలి. అయితే అది ఉంటే మిగతావాళ్ళు నిలిచిపోకూడదు. అందుకని బఫర్‌ను పంచాను. మెల్లగా తీసుకునేదానికి దాని వాటా జాగా ఉంటుంది, పక్కవాళ్ళ జాగాలోకి అది రాదు.

ఎంత వాటా అన్నది తేల్చింది మాత్రం బాలమణి అక్కే. తక్కువ పెడితే మెల్లనిదాని సరుకు కింద పడుతుంది. ఎక్కువ పెడితే వేగంగా నడిచేవాళ్ళకు జాగా చాలదు. కొంచెం పెంచి చూడటం, కొంచెం తగ్గించి చూడటం, మళ్ళీ మొదటినుంచి. నేనైతే ఒక పూటకే గోడకు తల బాదుకునేవాణ్ణి. ఆమె నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని రోజుల తరబడి చేసింది. చివరికి గేటు దగ్గరి ముసలి యంత్రం తన పేర్లన్నీ తను నిదానంగా తీసుకుంది, పక్క తీగల్లో సరుకు ఆగకుండా పరుగెత్తింది. ఆమె ఆ పరీక్షకు 'మెల్లగ తినేటోడు' అని పేరు పెట్టింది. మా స్విచ్‌లు ఆసుపత్రికి వెళ్ళాయి. ల్యాబులో పని అయిపోయింది. పెళ్ళి మాత్రం మిగిలింది.

"తమ్మీ, పెండ్లికి నువ్వు తప్పకుంట రావాలె," అంది అక్క. "ఎందుకన్న మంచిది, బాపు దగ్గర కూసో."

"బాపు రూంల గదా తినేది?" అన్నాను కావాలనే.

ఆమె స్కూటీ తాళం తీసుకుని వెళ్ళిపోయింది.

శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కన పెద్ద ఫంక్షన్ హాలు. ముందు భాగంలో ఊరందరికీ బఫే. నిలబడి తింటూ, ఫోన్లు మాట్లాడుతూ జనం. వెనక రేకుల పందిరి కింద చుట్టాలకు, పెద్దమనుషులకు బల్లలు వేసి బంతులు. అక్కడ మాత్రం రివాజు రివాజే. పందిరి దర్వాజా దగ్గర పొడవాటి మనిషి ఒకాయన తెల్ల చొక్కా చెమటతో తడిసిపోగా చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. లక్ష్మణ్ ఆయనే. ఒకప్పుడు తండ్రి నిలబడ్డ చోట కొడుకు నిలబడ్డాడని నాకు తట్టింది.

బాలమణి అక్క పట్టుచీరలో వచ్చి నా మోచెయ్యి పట్టుకుని పక్క గదికి తీసుకుపోయింది. లోపల ఫ్యాను కింద సోమయ్య గారు కొత్త ధోవతి, భుజం మీద కండువాతో కూర్చుని ఉన్నారు. ముందు స్టూలు మీద స్టీలు ప్లేటు. అన్నం చల్లారిపోయింది. ఆయన దాన్ని ముట్టలేదు. బయట డప్పులు మోగుతుంటే తలుపు వైపు చూస్తున్నారు.

"లే బాపూ. బంతిల కూసుందువు."

"వద్దు బిడ్డా. నా ఎంబడి అందరు కూసోవాలె. ఈడనే తింట." మాట కొంచెం ముద్దగా వస్తోంది.

"నీ ఎంబడి ఎవ్వలు కూసోరు. నేను సూసుకుంట. లే."

ఆయన కూతురి మొహంలోకి చూసి, ఆమె చెయ్యి పట్టుకుని లేచారు. ఒకవైపు ఆమె, ఒకవైపు నేను. దర్వాజా దగ్గర లక్ష్మణ్ మమ్మల్ని చూసి మొహం మాడ్చుకున్నాడు.

"గిదేంది బాలా? లోపల వెట్టించిన గద."

"బాపు మనుమరాలి పెండ్లి అన్నా. బంతిల తింటడు."

ఆమె అన్నకు ఎదురు చెప్పడం అదే మొదలనుకుంటాను. లక్ష్మణ్ గొంతు తగ్గించాడు. "అందరు సూస్తరు బాలా. చెయ్యి వణుకుతది, మీద వడ్తది. బాపు ఇజ్జత్ పోతదని నాకు మాత్రం ఫికర్ లేదా?" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టుకుందామని ముందే సిద్ధమై వచ్చిన నాకు ఆ పని చేతకాలేదు.

"అర్ధాకలితోని లేసుడు ఇజ్జతా అన్నా?"

లక్ష్మణ్ అడ్డం పెట్టిన చెయ్యి తీశాడు.

బాపుకు కుడి పక్కన అక్క, ఎడమ పక్కన నేను. బగారన్నం, మటన్ కూర, పచ్చిపులుసు. బాపు వేళ్ళు అన్నంలో మెల్లగా తిరిగాయి. ముద్ద చేయడానికి ఒకసారి, అది విడిపోతే మళ్ళీ ఒకసారి. మెల్లగా తినాలని నేను ఒట్టు పెట్టుకున్నాను కానీ ఆకలి నా మాట వినలేదు. ముందే అయిపోయింది. ఖాళీగా కూర్చోలేక మళ్ళీ వేయించుకున్నాను, అదీ అయిపోయింది. ఇంక ఒక్క మెతుకు కూడా పట్టదు. బంతి పొడవునా విస్తళ్ళు ఖాళీ అవుతున్నాయి. చివర కూర్చున్న లీడర్లు చేతులు గాల్లో పెట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. దర్వాజా అవతల జనం గుంపు పెరిగింది.

బాపు తలెత్తి బంతిని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశారు. విస్తట్లో సగం అన్నం అట్లాగే ఉంది. ఎడమ చెయ్యి విస్తరి అంచు మీదికి పోయింది.

అప్పుడు బాలమణి అక్క తన విస్తరి మడిచి లేచి నిలబడింది.

"అయ్యో, తండ్రి తింటుంటె బంతి నడుమల లేసింది ఆడివిల్ల!" అని ఎవరో ముసలమ్మ అంది. బాపు తల తిప్పి కూతుర్ని చూశారు. ఒకప్పుడు సర్పంచిని ఆపిన చూపు అదేనని నాకు అర్థమైంది.

"కూసో," అన్నారు.

"నాది అయింది బాపూ. నువ్వు తిను."

ఆమె కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. కానీ కూర్చోలేదు. ఇంక నేను ఊరుకుంటానా, కుర్చీ చప్పుడయ్యేలా లేచాను. చివర ఉన్న లీడరొకాయన ఇదే సందని లేచాడు. ఆయన్ను చూసి ఇంకొకాయన, తర్వాత ఇద్దరు ముగ్గురు. బాపు కూడా లేవడానికే ఎడమ చెయ్యి బల్లకు ఆన్చారు. రెండు పక్కలా కుర్చీలు ఖాళీ అయిపోయాయి. ఆ ఖాళీ మధ్య ఆయన ఒక్కరే అయ్యారు. తప్పు చేశామేమో అనిపించింది.

లక్ష్మణ్ దర్వాజా దగ్గరినుంచి ఇదంతా చూస్తున్నాడు. చెల్లెల్ని చూశాడు, తండ్రిని చూశాడు. గుంపులోంచి పళ్ళు లేని ఒక ముసలామె చెయ్యి పట్టుకుని గబగబా లోపలికి తీసుకొచ్చాడు. బాపు చెల్లెలు నర్సమ్మ ఆమె. అక్క లేచిన కుర్చీలో కూర్చోబెట్టి, కొత్త విస్తరి తనే వేశాడు. "అత్తా, బాపు పక్కన తిను," అన్నాడు. మళ్ళీ పోయి ఇంకొకరిని నా కుర్చీకి తెచ్చాడు. ఎవరు లేస్తే ఆ జాగాలో వెంటనే ఇంకొకరు. వడ్డించేవాళ్ళకు చేతినిండా పని దొరికింది.

"సోమన్నా, కూర మంచిగున్నదా?" అని నర్సమ్మ అడిగింది. ఇంకా మొదటి ముద్ద కలుపుకుంటోంది.

బాపు ఆ పక్కకు చూశారు, ఈ పక్కకు చూశారు. అన్ని విస్తళ్ళలోనూ అన్నం ఉంది. చేతులు ఎండబెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేరు. బల్ల మీద ఆన్చిన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కుడి చెయ్యి మళ్ళీ విస్తట్లోకి పోయింది. ఒక ముద్ద, కాసేపటికి ఇంకో ముద్ద. విస్తట్లో కూర అయిపోయింది. కూర బకెట్ పట్టుకుని ఉరుకుతున్న కుర్రవాణ్ణి పిలిచారు.

"పిల్లగా, ఇటు రా. కూర ఎయ్యి మల్ల. మూలుగున్న నల్లిబొక్క ఉంటె సూడు."

"అవుతలోళ్లకు ఏసొస్త తాతా. అందులనైతే దేవులాడాలె," అన్నాడు వాడు.

"దేవులాడు. నాకేం జల్దీ లేదు."

బాలమణి అక్క ఏడుస్తూనే వచ్చి, వాడి చేతిలో గంటె లాక్కుని, బకెట్ అడుగు దాకా దేవింది.